కార్బైడ్ దీపం నుంచి హాలోజన్ దాకా: పాత అంబాసిడర్‌కు ఏ లైటు మేలు?

మేము చదివింది అరవ బడిలో, తెలుగు ఇంట్లో నేర్చుకున్నదే. ఒత్తులు తప్పితే సర్దుకుని చదవండి.

అంబాసిడర్ తయారీ 2014లో నిలిచిపోయినా, మనవాళ్ళ ఇళ్ళల్లో ఆ కార్లు ఇంకా తిరుగుతున్నాయి. కులదేవత గుడికి రాత్రి పయనమంటే దాన్నే బయటికి తీస్తాం. లైటు మసకబారిందని తెల్లగా మెరిసే ఎల్ఈడీ బల్బు కొని పెట్టేవాళ్ళు ఎక్కువయ్యారు. అందుకే ఈ సంగతి మొదటినుంచీ చెప్పుకుందాం.

తొలి కార్లకు నూనె దీపాలు. తర్వాత కార్బైడ్ దీపాలు: కార్బైడ్ మీద నీటిచుక్కలు పడితే ఎసిటిలిన్ గ్యాసు పుట్టి వెలిగేది. 1912లో కాడిలాక్ కారు కరెంటు దీపాలతో, సెల్ఫ్ స్టార్టరుతో వచ్చింది. మన కోయంబత్తూరు జి.డి. నాయుడు గారు 1920లో పొల్లాచ్చి, పళని మధ్య తానే బస్సు నడిపే నాటికి కరెంటు దీపాల కాలం మొదలైపోయింది.

వెలుగు పెరిగాక ఇంకో చిక్కు వచ్చింది. అది ఎదుటివాడి కంట్లో పడింది. దానికి యూరోపులో 1957లో ఒక దారి కనిపెట్టారు: డిమ్ వెలుగు మన పక్క అంచుకు దూరంగా, ఎదుటివాడి పక్కకు కిందుగా పడాలి. 1962లో హాలోజన్ బల్బు, 1971లో రెండు ఫిలమెంట్ల హెచ్4 బల్బు వచ్చాయి. హెచ్4లో డిమ్ ఫిలమెంటు కింద చిన్న లోహపు దొప్ప ఉంటుంది. వెలుగు పైకి పోకుండా ఆపేది అదే.

మేము రైల్వేలో చూసిందీ ఇదే. సిగ్నల్ లాంపులో వత్తి లెన్సుకు సూటిగా లేకుంటే ఎంత నూనె పోసినా దూరానికి కనబడదు. హెచ్4 దీపంలో ఎల్ఈడీ పెడితే వెలుగు పుట్టే చోటూ ఆకారమూ మారతాయి. మనకు తెల్లగా కనిపిస్తుంది, ఎదురుగా మోపెడ్ మీద వచ్చేవాడికి రోడ్డే కనబడదు.

కాబట్టి కొనేముందు ఇవి చూడండి. బల్బుకన్నా ముందు రిఫ్లెక్టరు చూడాలి. దాని వెండిపూత పోయుంటే దీపం మొత్తం మార్చాలి, రెండు వైపులా కలిపి. గ్లాసుమీద వృత్తంలో ‘ఇ’ అనే ఇంగ్లీషు అక్షరం, పక్కన అంకె ఉండే ఆమోదముద్ర వెతకండి. దీపానికి ఎదురుగా నిలబడితే బాణం గుర్తు మన కుడివైపు చూపాలి, లేదా రెండు వైపులా చూపాలి. బాణమే లేకుంటే అది కుడిపక్క నడిచే దేశాల దీపం. మన రోడ్డుమీద దాని వెలుగు ఎదుటివాడి ముఖాన కొడుతుంది.

బల్బు 60/55 వాట్లది చాలు. 12 వోల్టులకు 60 వాట్లంటే 5 ఆంపియర్లు. 100 వాట్లదైతే 8 దాటుతుంది, పాత వైరూ స్విచ్చీ వేడెక్కి కరుగుతాయి. 60 వాట్లకైనా రిలే పెట్టించి బ్యాటరీ నుంచి నేరుగా వైరు లాగిస్తే వెలుగు బాగుంటుంది. బల్బు గాజును వేళ్ళతో తాకకండి, జిడ్డు అంటితే త్వరగా పోతుంది. చివరగా గోడకు ఎదురుగా నిలిపి, డిమ్ వెలుగు గీత దీపం ఎత్తుకన్నా కొంచెం కిందికి ఉండేలా సరిచేయించండి.

మీ ఇళ్ళల్లో పాత కార్బైడ్ లాంపులు గానీ, తాతల నాటి బస్సు ఫోటోలు గానీ ఉంటే ఇక్కడ పెట్టండి. పిల్లలు చూస్తారు.