బొంబాయి మహారాజుల వ్యాజ్యము

1862వ సంవత్సరము జనవరి 25వ తేదీన బొంబాయి సుప్రీము కోర్టులో విచారణకు వచ్చిన పరువునష్టపు దావా యొకటి గుజరాతీ సాహిత్యచరిత్రమునందును సంఘచరిత్రమునందును చిరస్థాయిగా నిలిచిపోయినను, మనవారిలో దానిని గూర్చి విన్నవారు మిక్కిలి తక్కువ. ఇది కొంత వింతయే, ఏలయన ఆ దావాను తెచ్చిన గోస్వామి తెలుగువారి సంతతివాడు. పుష్టిమార్గమను కృష్ణభక్తిసంప్రదాయమునకు ప్రవర్తకులగు శ్రీవల్లభాచార్యులు (1479–1531) వెలనాటి బ్రాహ్మణకుటుంబమున పుట్టినవారు. వారి కుమారుడు విఠ్ఠలనాథుని యేడుగురు కుమారుల వంశములు ఏడు పీఠములై, వ్రజభూమినుండి రాజస్థానమునకును గుజరాతమునకును వ్యాపించి, ఇంటిపట్టున తెలుగు మరచి, శిష్యులచేత 'మహారాజు'లని పిలిపించుకొనునంతటి వైభవమును పొందినవి.

ఆ శిష్యులు సామాన్యులు కారు. భాటియాలు, కపోల వైశ్యులు, లోహాణాలు మొదలగు వర్తకజాతులవారు. బొంబాయి రేవున ప్రత్తియు బట్టలును వారి చేతులమీదుగా నడచుచుండెను. తనువును, మనస్సును, ధనమును గురువుద్వారమున కృష్ణార్పణము చేయుట వారి దీక్షలోని ప్రధానాంశము. ఈ యర్పణము మాటవరుసకు కాదు: అంగడిలో అమ్ముడుపోవు సరకులపై ఇంతయని మహారాజునకు చెల్లింపవలసిన 'లాగా' యను రుసుము ఏర్పడి యుండెను గనుక, ఒక్కొక్క బేరమును హవేలీకి కప్పము కట్టుచున్నట్లే. దేవాలయమును వారు హవేలీ యందురు. హవేలీలో దర్శనము కానిదే భోజనము చేయమని వ్రతముపట్టినవారు వేలకొలది యుండిరి. ఈ యొక్క నియమమును మనస్సున నుంచుకొన్నగాని తరువాతి కథ బోధపడదు. ఏలయన ఆ సమాజమున గురువు చేతనున్న యాయుధము శాపము కాదు, తలుపు గడియ.

1859 ప్రాంతమున మహారాజులను న్యాయస్థానమునకు పిలిపించుట అలవాటగుచుండగా, మ్లేచ్ఛుని యెదుట నిలువబడుట తమ పదవికి అగౌరవమని తలచి, వారు హవేలీ తలుపులు మూయించిరి. దర్శనము లేదు, దర్శనము లేనిచో అన్నము లేదు. ఆకలికి తాళలేని వర్తకులు ఒకచోట చేరి యొక పత్రముపై సంతకములు చేసిరి. ఏ వైష్ణవుడును మహారాజును న్యాయస్థానమునకు ఈడ్వరాదనియు, వారికి విరుద్ధముగా వ్రాసినవానిని కులమునుండి వెలివేయవలయుననియు అందలి సారాంశము. సంతకములు పడినవి, తలుపులు తెరువబడినవి. ఈ పత్రమునకు 'గులామీఖత్' అని, అనగా బానిసపత్రమని, పేరుపెట్టి యెగతాళిచేసినది 'సత్యప్రకాశ' మను గుజరాతీ వారపత్రిక. దాని సంపాదకుడు కర్సన్‌దాస్ మూల్‌జీ.

ఈయన బయటివాడు కాడు. 1832లో కపోల వైశ్యకులమున, వైష్ణవగృహముననే జన్మించినవాడు. తల్లి చిన్ననాడే పోగా బంధువుల యింట పెరిగి, ఎల్ఫిన్‌స్టన్ విద్యాలయమున చదువుకొని, వితంతువివాహమును సమర్థించుచు వ్యాసమొకటి వ్రాయబూనిన సంగతి బయటపడగానే, పెంచిన యిల్లాలే ఆయనను గడపదాటించినది. ఇంటినుండి వెళ్లగొట్టబడిన తరువాత రెండేండ్లకు, 1855లో, ఆయన పత్రిక స్థాపించెను. ఇక పోగొట్టుకొనదగిన దేమియు మిగులనివాడు ధైర్యవంతుడగుట సులభమని యెవరైన ననవచ్చును గాని, ఉపాధ్యాయవృత్తిచే జీవించుచు, ఆ వృత్తికి ఆధారమైన వర్తకుల కులగురువులనే విమర్శించుట యేమంత సులభమో చదువరులే యూహింపగలరు.

1860లో సూరతునుండి యదునాథ్‌జీ బ్రిజ్‌రతన్‌జీ యను మహారాజు బొంబాయికి విచ్చేసెను. ఆయనను మూర్ఖుడగు ఛాందసునిగా చిత్రించుట అన్యాయము. బాలికల విద్యను మెచ్చుకొన్నవాడు, నర్మదాశంకర కవితో వితంతువివాహమును గూర్చి సభలో వాదించినవాడు, సంశయములు తీర్తునని స్వయముగా పత్రిక నడిపించినవాడు. చర్చకు పిలుపు మొదట ఆయనవైపునుండియే వచ్చినది. దానికి జవాబుగా ఆ సంవత్సరము అక్టోబరు 21వ తేదీన సత్యప్రకాశమున, హిందువుల యసలు ధర్మమును నేటి పాషండమతములను వేరుపరచు వ్యాసము వెలువడెను. అందు కర్సన్‌దాసు, వల్లభాచార్యుల మనుమడు గోకులనాథుడు వ్రాసిన వ్యాఖ్యను ప్రమాణముగా చూపి, శిష్యుడు భార్యను, కూతురునుగూడ గురువునకు అర్పింపవలెనను భావము అందున్నదనియు, మహారాజులు దానిని అక్షరాల ఆచరించుచున్నారనియు, యదునాథ్‌జీని పేరెత్తి నిలదీసి యడిగెను.

మహారాజు 1861 మే నెలలో సంపాదకునిపైనను, ముద్రాపకుడగు నానాభాయి రుస్తుంజీ రాణినా యను పారసీకునిపైనను ఏబదివేల రూపాయల నష్టపరిహారమునకు దావా వేసెను. బానిసపత్రము వ్రాయించుకొన్నవారే న్యాయస్థానపు మెట్లెక్కుట! వెంటనే భాటియా పెద్దలు సభచేరి, మహారాజునకు విరుద్ధముగా సాక్ష్యము చెప్పినవాడు కులమునకు వెలియని తీర్మానించిరి. విమర్శకుని నోరు మూయుట కంటె సాక్షుల నోళ్లు మూయుట తేలికయని వారు సరిగానే లెక్కవేసిరి. గాని సాక్షులను బెదరించుట నేరమని మరచిరి. కర్సన్‌దాసు ఫిర్యాదుచేయగా, ఈ కుట్రకు పెద్దలకు జరిమానాలు పడినవి. నా యుద్దేశమున వ్యాజ్యము నిజముగా గెలువబడినది ఆనాడే. వెలివేతయను కత్తికి అంతకుముందెన్నడును మరియొక కత్తి యెదురుకాలేదు.

విచారణ ఇరువదినాలుగు దినములు సాగెను. ప్రతివాదుల పక్షమున వాదించినవాడు ఆన్‌స్టీ. ఇరుపక్షముల సాక్షులు అరువదిమందికి మించిరి. డాక్టరు భావూ దాజీ వంటి వైద్యులు తాము మహారాజునకు చేసిన చికిత్స యే రోగమునకో బోనెక్కి చెప్పిరి; మతాచార్యుడగు జాన్ విల్సను గ్రంథములను గూర్చి సాక్ష్యమిచ్చెను; మథురాదాస్ లావ్‌జీ, లక్ష్మీదాస్ ఖీమ్‌జీ వంటి భాటియాలే, తమ కులపెద్దల తీర్మానమును కాదని, తాము కన్నదియు విన్నదియు చెప్పిరి. ఏప్రిలు 22న సర్ మాథ్యూ సాసే, సర్ జోసఫ్ ఆర్నోల్డు తీర్పుచెప్పిరి. వ్రాసినది నిజమని ప్రతివాదులు రుజువుపరచిరని తేల్చిరి. ఇది మతసిద్ధాంతవిషయము కాదు, నీతివిషయమని ఆర్నోల్డు స్పష్టపరచెను. కర్సన్‌దాసునకు ఖర్చులక్రింద 11,500 రూపాయలు వచ్చినవి. ఆయనకైన ఖర్చు దానిని మించినది.

కథను ఇక్కడ ముగించి జయజయధ్వానములు చేయుట ఆచారము. నాకు మాత్రము రెండు సంగతులు కంటకములై తోచును. కర్సన్‌దాసు తన సంఘమును నూతనన్యాయముతో ఎదిరింపలేదు; ప్రాచీనమైనదే ప్రమాణమనియు, వేదములకంటె వెనుక పుట్టిన మతము కావున వల్లభమతము పాషండమనియు వాదించెను. లోపలివాడు లోపలివారితో మాటాడవలసినపుడు వారి నాణెమునే చెల్లింపవలసి యుండును గనుక ఆయన తెలివి మెచ్చదగినదే. గాని, ఆ వాదముచే పుష్టిమార్గములోని భక్తిమాధుర్యమంతయు, సూరదాసాదుల కీర్తనలతోసహా, ఒక్కవేటున ముద్దాయియైపోయినది. రెండవది మరింత బరువైనది. ఎవరి శీలమును గూర్చి అన్నిదినములు వాదము జరిగెనో, ఆ భాటియా, వైశ్యకులముల స్త్రీలలో ఒక్కతెయు సాక్షిగా బోనెక్కలేదు. వారిని గూర్చి భర్తలు చెప్పిరి, వైద్యులు చెప్పిరి, న్యాయవాదులు చెప్పిరి. వారు నిజముగా వంచితలో, భక్తిచేత స్వయముగా వెళ్లినవారో, భయపడినవారో ఆనాటి దస్త్రములలో మనకు దొరకదు. వెలివేత భయమును జయించిన మగవారు తమ యిండ్ల గడపకడ ఆగిపోయిరి.

హవేలీలు మూతపడలేదు, రుసుములును దర్శనములును సాగుచునే యుండెను. కర్సన్‌దాసు 1863లో ప్రత్తివ్యాపారముపని మీద ఇంగ్లండునకు వెళ్లి తిరిగివచ్చి, ఆ ప్రయాణవృత్తాంతమును గుజరాతీలో గ్రంథముగా వ్రాసెను. మహారాజుల సంప్రదాయచరిత్రమును ఇంగ్లీషున వ్రాసి 1865లో లండనులో అచ్చువేయించినపుడు దానిపై తన పేరు వేసికొనలేదు. కపోలకులము ఆయనను వెలివేసినది. అయితే చూపిన కారణము మహారాజును ఎదిరించుట కాదు, సముద్రము దాటుట.