కంటి ఇంజెక్షన్లు, కంటి ఒత్తిడి: చరిత్ర

షుగరు వల్ల రెటీనా దెబ్బతిన్నవారికి కంటిలోకి మందు ఎక్కించాక కంటి ఒత్తిడి మారుతుంది. మామూలుగా ఇది 10–21 మి.మీ. పాదరసం ఉంటుంది. పెరిగి అలాగే నిలిచిపోతే దృష్టినాడి దెబ్బతిని నీటికాసులు రావచ్చు.

తొలి దశ

పూర్వం వైద్యులు రెప్పపై వేలితో నొక్కి కంటి బిగువును అంచనా వేశారు. ఒత్తిడిని కొలిచే షియోట్జ్ పరికరం 1905లో వచ్చింది. 1911లో ఓమ్ అనే వైద్యుడు ఊడిన రెటీనాను అతికించడానికి కంటిలోకి గాలి ఎక్కించాడు. లేజర్ వచ్చాక చాలాకాలం షుగరు కంటికి అదే ఆధారం.

మందుల యుగం

1989లో శాస్త్రవేత్త ఫెరారా బృందం వీఈజీఎఫ్ అనే ప్రోటీన్ జన్యువును వేరుచేసింది. రక్తనాళాల నుంచి నీరు ఊరడానికి ఒక ముఖ్య కారణం ఈ ప్రోటీనే. 2001లో జర్మనీ వైద్యుడు యోనాస్ షుగరు వల్ల రెటీనాలో వచ్చే వాపుకు ట్రయామ్సినోలోన్ స్టిరాయిడ్ వాడాడు. 2005లో వైద్యుడు రోసెన్‌ఫెల్డ్, వీఈజీఎఫ్‌ను అడ్డుకునే పేగు క్యాన్సర్ మందు బెవాసిజుమాబ్‌ను కంటికి వాడి, చవకైన చికిత్సకు గొప్ప దారి చూపాడు. ఇదే తరహా మందులైన రానిబిజుమాబ్‌కు షుగరు వాపు విషయంలో అమెరికా అనుమతి 2012లో, అఫ్లిబెర్సెప్ట్‌కు 2014లో దక్కింది. 2015లో ఇంటాస్ సంస్థ రానిబిజుమాబ్ దేశీయ రూపాన్ని తెచ్చింది.

ఒత్తిడి మార్పులు

నల్లగుడ్డు అంచుకు 3.5–4 మి.మీ. దూరంలో సన్నని సూదితో సుమారు 0.05 మి.లీ. మందు ఎక్కిస్తారు. ఆ కాస్త ద్రవానికే ఒత్తిడి ఒక్కసారిగా పెరుగుతుంది. అందుకే వైద్యుడు వెంటనే వేళ్లు చూపి ఎన్నో చెప్పమంటాడు. సాధారణంగా అరగంట, గంటలో ఒత్తిడి దిగుతుంది. స్టిరాయిడ్‌తో పెరుగుదల వారాల తర్వాత వస్తుంది. డెక్సామెథసోన్ అనే స్టిరాయిడ్ ఇంప్లాంట్‌తో రెండు నెలల ప్రాంతంలో ఎక్కువగా కనిపిస్తుంది. చాలామందికి చుక్కల మందుతో అదుపవుతుంది. రానిబిజుమాబ్ పదేపదే వేయించుకున్నవారిపై 2015లో వెలువడిన అమెరికా విశ్లేషణలో, మూడేళ్లలో ఒత్తిడి నిలకడగా పెరగడమో, దానికి మందు అవసరపడడమో 9.5 శాతం మందిలో కనిపించింది. ఉత్తుత్తి ఇంజెక్షన్, లేజర్ పొందినవారిలో ఇది 3.4 శాతమే.

పశ్చిమ ప్రకాశం

మార్కాపురం, గిద్దలూరు, కంభం 1970లో ప్రకాశం జిల్లా ఏర్పడేవరకు కర్నూలు జిల్లాలో ఉండేవి. కర్నూలు ప్రాంతీయ కంటి ఆసుపత్రి, 1987లో హైదరాబాద్‌లో, 2011లో విజయవాడ దగ్గర మొదలైన ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య కేంద్రాలు, అన్నీ ఈ ఊళ్లవారికి దూరాభారమే. సూది కోసం పెద్ద ఊరికి వెళ్లక తప్పకపోయినా, ఒత్తిడి కొలతకు అంత దూరం అక్కర్లేదు. పరికరం ఉన్న దగ్గరి కంటి వైద్యుడు చాలు. నొప్పి లేకపోయినా ఒత్తిడి పెరగవచ్చు. కాబట్టి ఇంజెక్షన్, ముఖ్యంగా స్టిరాయిడ్, వేయించుకున్నవారు వైద్యుడు చెప్పిన గడువులో ఒత్తిడి కొలిపించుకోవాలి. ఏ మందు ఎక్కించారో రాసిన చీటీ వెంట ఉంచుకోవాలి.