వెనక చక్రాల పక్కన టర్బో

టర్బోచార్జరు ఇంజిను వదిలేసే పొగతోనే ఇంజినుకు ఎక్కువ గాలి అందిస్తుంది. ఒకే షాఫ్టుకు రెండు చివర్లా రెండు చిన్న చక్రాలుంటాయి. పొగ ఒకదాన్ని, అంటే టర్బైనును, తిప్పుతుంది. దానితో పాటు తిరిగే రెండోది బయటి గాలిని పీల్చి, కుదించి సిలిండర్లలోకి నెడుతుంది. కార్ల టర్బోలో ఈ షాఫ్టు నిమిషానికి లక్ష చుట్లు దాటి తిరుగుతుంది. మామూలుగా దీన్ని పొగ బయటికొచ్చే చోటే, ఇంజినుకు ఆనించి బిగిస్తారు. అలా కాకుండా సైలెన్సరు ఉండే చోట, వెనక చక్రాల దగ్గర బిగించే పద్ధతి కూడా ఒకటుంది. అది కార్ల షెడ్డులో పుట్టిన ఆలోచన కాదు, యుద్ధ విమానంలో పుట్టింది.

టర్బోకు మొదటి పేటెంటు 1905లో స్విట్జర్లాండ్ ఇంజనీరు ఆల్‌ఫ్రెడ్ బూషిది. దాని అవసరం బాగా తెలిసొచ్చింది మాత్రం విమానాల్లోనే. పైకి పోయేకొద్దీ గాలి పలచబడుతుంది, ఇంజిను బలం తగ్గుతుంది. 1918లో శాన్‌ఫర్డ్ మాస్ అనే అమెరికన్ ఇంజనీరు టర్బో తగిలించిన లిబర్టీ విమాన ఇంజినును 4,300 మీటర్ల ఎత్తున్న పైక్స్ పీక్ శిఖరం మీదికి చేర్చి పరీక్షించాడు. పలచని గాలిలో కూడా దాని బలం తగ్గకుండా చూడవచ్చని అక్కడ రుజువైంది.

టర్బోను ఇంజినుకు దూరంగా పెట్టిన గొప్ప ఉదాహరణ పీ-47 థండర్‌బోల్ట్. రిపబ్లిక్ కంపెనీలో అలెగ్జాండర్ కార్ట్‌వెలీ రూపొందించిన ఈ విమానం 1941 మే 6న తొలిసారి ఎగిరింది. ముక్కులో 18 సిలిండర్ల, 2,000 హార్స్‌పవర్ ఇంజిను. అంత పెద్ద ఇంజిను పెట్టాక దాని పక్కన టర్బోకు, గాలిని చల్లార్చే ఇంటర్‌కూలరుకు చోటు దొరకలేదు. కార్ట్‌వెలీ వాటిని పైలట్ సీటుకు వెనక, తోక వైపున్న పొట్టలో పెట్టాడు. పొగ గొట్టాలు విమానం అడుగు నుంచి వెనక్కి పోతాయి. ముక్కు కింద నుంచి పీల్చిన గాలి కూడా వెనక్కే పోతుంది. కుదించిన గాలి ఇంటర్‌కూలరులో చల్లబడి మళ్లీ ముందుకొచ్చి ఇంజినులో పడుతుంది. ముక్కులోని బరువుకు వెనక బరువు సరిపోయింది, విమానం తూకం కుదిరింది. థండర్‌బోల్ట్ పొట్ట అంత లావుగా కనిపించడానికి ఈ గొట్టాలు ముఖ్య కారణం.

ఇలాంటి విమానాలు 15,000కు పైగా తయారయ్యాయి. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖపట్నం మీద బాంబులు వేశాయి. ఆ తర్వాత రెండేళ్లకు, 1944 నుంచి, బ్రిటిష్ వైమానిక దళం ఈ థండర్‌బోల్ట్‌లనే బర్మా రంగంలో జపాన్ సేనల మీదికి నడిపింది.

మామూలు కార్లలోకి టర్బో 1962లో వచ్చింది. ఆ ఏడాది అమెరికాలో జనరల్ మోటార్స్ ఓల్డ్స్‌మొబైల్ జెట్‌ఫైర్, షెవర్లే కోర్వేర్ స్పైడర్ కార్లను టర్బోతో అమ్మింది. కోర్వేర్‌లోనూ, 1974లో ప్రదర్శనకొచ్చిన పోర్షా 911 టర్బోలోనూ టర్బో వెనకే ఉంటుంది, ఎందుకంటే ఇంజినే వెనక ఉంటుంది. వాటిని ఈ కోవలో చేర్చకూడదు. ఇంజిను ముందు, టర్బో వెనక అనే ఏర్పాటును వీధి కార్లకు కిట్ల రూపంలో అమ్మి పేరు తెచ్చుకున్నది యూటా రాష్ట్రానికి చెందిన స్క్వైర్స్ టర్బో సిస్టమ్స్. అది 2000ల తొలి ఏళ్ల మాట. కమారో, కోర్వెట్ లాంటి పెద్ద వీ-8 కార్లే దాని ప్రధాన గిరాకీ.

అక్కడ అది నిలదొక్కుకోవడానికి కారణాలున్నాయి. కమారో బానెట్ తెరిస్తే చెయ్యి పట్టే సందు ఉండదు. సైలెన్సరు తీసేస్తే వెనక మాత్రం కావలసినంత చోటు. పొగ గొట్టాల అమరికను ముందు నుంచీ మార్చే పని తప్పుతుంది. బానెట్ కింద వేడి పెరగదు, వైర్లు, రబ్బరు గొట్టాలు మాడవు. కుదించిన గాలి కారు అడుగున పొడవాటి గొట్టంలో ముందుకొచ్చేలోపు కొంత చల్లబడుతుంది. టర్బోయే పొగ శబ్దాన్ని అణుస్తుంది. క్యాటలిటిక్ కన్వర్టరు టర్బోకు ముందే ఉండటంతో త్వరగా వేడెక్కుతుంది. ఇది కాలుష్యం విషయంలో మేలే.

నష్టాల్లో ఎక్కువగా వినపడేది ఆలస్యం. యాక్సిలరేటర్ తొక్కాక బలం అందేలోపు అంత పొడవు గొట్టం గాలితో నిండాలి కదా అంటారు. లెక్క వేస్తే ఆ అనుమానం చాలావరకు తొలగిపోతుంది. 3 మీటర్ల పొడవు, 6 సెంటీమీటర్ల వ్యాసం ఉన్న గొట్టంలో పట్టేది ఎనిమిదిన్నర లీటర్లు. ఒత్తిడి సగం పెరగాలంటే అదనంగా నాలుగు లీటర్ల పైచిలుకు గాలి చాలు. 3,000 ఆర్‌పీఎం మీదున్న రెండు లీటర్ల ఇంజిను అంత గాలిని సెకనులో పదో వంతులోపే మింగేస్తుంది. అసలు నష్టం పొగ చల్లారడంలో ఉంది. 900 డిగ్రీల పొగ 500 డిగ్రీలకు దిగితే దాని పరిమాణం మూడింట రెండు వంతులకు తగ్గుతుంది. టర్బైనును తిప్పే శక్తి కూడా ఆ మేరకు పడిపోతుంది. చల్లగా ఉన్న పొడవాటి ఇనప గొట్టం వేడెక్కేదాకా టర్బో మందకొడిగానే ఉంటుంది. గొట్టానికి వేడి పట్టీలు చుట్టడం, చిన్న టర్బైను గూడు వాడటం దీనికి విరుగుళ్లు. 5.7 లీటర్ల వీ-8 వదిలే పొగకు ఈ నష్టం భరించదగ్గదే. 1.2 లీటర్ల చిన్న కారుకు అంత పొగ లేదు.

రెండో చిక్కు ఆయిలు. టర్బో బేరింగులను బతికించేది ఇంజిను ఆయిలే. ఇంజినుకు ఆనుకుని ఉంటే ఆ ఆయిలు తనంత తానే ఇంజిను అడుగున ఉండే సంపులోకి జారిపోతుంది. వెనక, నేలకు దగ్గరగా పెడితే జారదు, ఎలక్ట్రిక్ పంపుతో తోడి ముందుకు పంపాలి. ఆ పంపు ఆగితే ఆయిలు టర్బోలో నిండి సీళ్లు దాటి కారుతుంది, వెనక నీలం పొగ కమ్ముకుంటుంది, ఇంజినులో ఆయిలు మట్టం పడిపోతుంది.

విశాఖకు నలభై, నలభై ఐదు కిలోమీటర్ల దూరంలోని భోగాపురం లాంటి చోట ఈ నష్టాలకు దారి, వాతావరణం కూడా తోడవుతాయి. ఊరి మీదుగా పోయే కోల్‌కతా–చెన్నై రహదారి నంబరు 2010లో 5 నుంచి 16కు మారింది. ఆ నునుపు రోడ్డు దిగి ముక్కాం వైపు సముద్రం దారి పడితే ఉప్పుగాలి, ఇసక. చిన్న కారు అడుగుకూ నేలకూ మధ్య జానెడు ఎత్తు కూడా ఉండదు. వానాకాలం గుంటలో చక్రం దిగితే, వెనక కింద బిగించిన ఎయిర్ ఫిల్టరు నీళ్లు పీలుస్తుంది. ఉప్పు తేమకు గొట్టాల అతుకులు, ఆయిలు లైను బిగింపులు తుప్పు పడతాయి. కోతల తర్వాత పల్లె రోడ్ల మీద ఉలవ పరిస్తే దాని చెత్త కారు అడుగున చుట్టుకుంటుంది. బాగా కాలిన టర్బోకు ఎండు చెత్త తగలడమంటే నిప్పు పెట్టడమే. మన చిన్న కార్లలో పెట్రోలు ట్యాంకు కూడా వెనక సీటు కిందే ఉంటుంది.

ఈ రహదారి మీద తిరిగే లారీల్లో, కార్లలో టర్బోలు కొత్తేమీ కాదు. 1993లో టాటా, కమిన్స్ కంపెనీలు జంషెడ్‌పూర్ కేంద్రంగా చేతులు కలిపాయి, టర్బో డీజిల్ ఇంజిన్లు టాటా లారీల్లోకి వచ్చాయి. 1998లో టాటా సఫారీ, 2007లో స్విఫ్ట్ డీజిల్, 2017లో టర్బో పెట్రోలుతో నెక్సాన్ వచ్చాయి. 2020 ఏప్రిల్ నుంచి అమలైన బీఎస్-6 కాలుష్య నిబంధనలు ఇంజిన్ల తయారీని ఇంకా కట్టుదిట్టం చేశాయి. ఈ బళ్లన్నిటిలోనూ టర్బో ఇంజినుకు ఆనుకునే ఉంటుంది. బీఎండబ్ల్యూ 2008లో వీ-8 రెండు వరసల సిలిండర్ల మధ్యలోనే టర్బోలను కూర్చోబెట్టింది. కార్ల కంపెనీలు టర్బోను ఇంజినుకు ఇంకా దగ్గర చేస్తున్నాయి. వెనక టర్బో పెద్ద ఇంజినుకు, ఇరుకు బానెట్‌కు కుదిరిన ఉపాయం. మన చిన్న కార్లకు, మన దారులకు అది నప్పదు.

చట్టం కూడా ఒప్పుకోదు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు నిర్దేశాలకు భిన్నంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఈ నిబంధనను గట్టిగా సమర్థించింది. అదే ఏడాది సవరణతో, అలా మార్చిన యజమానికి ఆరు నెలల దాకా జైలు, లేదా ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ పడతాయి.