భోజనాల బల్ల మీద క్రోమోజోములు

పోయిన నెల నా పాత విద్యార్థిని ఒకమ్మాయి మా ఇంటికి వచ్చింది. చేతిలో ఒక పోస్ట్ డాక్టోరల్ ప్రకటన. జన్యు నియంత్రణ, క్యాన్సర్ జీవశాస్త్రంలో రెండేళ్ల పరిశోధనకి అవకాశం. పిహెచ్.డి. వచ్చి ఐదేళ్లు దాటకూడదన్న వాక్యం కింద తనే పెన్సిల్‌తో గీత గీసుకుంది. తనకి ఆరేళ్లయింది. అందులో రెండేళ్లు బాబుతో గడిచాయి, ఒక ఏడాది మామగారి పక్షవాతంతో.

"ఈ మూడేళ్లు ఎక్కడ రాయాలి మేడమ్? అప్లికేషన్‌లో దానికి గడి లేదు" అంది.

వెంటనే జవాబు తోచలేదు. ఇన్నేళ్లూ క్లాసులో నేను చెప్పిన పాఠమే గుర్తొచ్చింది.

ల్యుకేమియా పాఠాన్ని ఎప్పుడూ యల్లాప్రగడ సుబ్బారావుతో మొదలుపెట్టేదాన్ని. భీమవరంలో పుట్టిన మనవాడు. 1948లో సిడ్నీ ఫార్బర్ రక్త క్యాన్సర్ వచ్చిన పిల్లలకిచ్చిన అమినోప్టెరిన్‌ని, లెడర్లీలో సుబ్బారావు బృందమే తయారుచేసింది. ఇది చెప్తుంటే పిల్లల మొహాలు వెలిగిపోయేవి. నాకూ గర్వంగానే ఉండేది. కానీ 1922లో ఆయన అమెరికా వెళ్లాక భార్య శేషగిరి ఇక్కడే ఉండిపోయిందనీ, కొడుకు తండ్రి కంట పడకుండానే పసితనంలో పోయాడనీ, ఆయన మళ్లీ రాలేదనీ ఏ క్లాసులోనూ చెప్పలేదు. ఆ ప్రయాణానికి సాయం చేసినవాళ్లలో ఆమె తండ్రి కూడా ఉన్నారు. ఆయన ప్రతిభని నేను తక్కువ చేయడం లేదు. అలా వెళ్లడానికి వీలున్నది ఎవరికో, ఆ వీలుకి ఖరీదు కట్టింది ఎవరో పాఠంలోకి రాలేదనే నా బాధ.

సుబ్బారావు న్యూయార్క్‌లో కన్నుమూసిన ఆ 1948లోనే చికాగో విశ్వవిద్యాలయం నుంచి జానెట్ రౌలీ డాక్టర్ పట్టా తీసుకుంది. అరవై అయిదు మంది ఉండే వైద్యవిద్య తరగతిలో ఆడపిల్లలకి మూడే సీట్లు. అవి నిండిపోయాయని తొమ్మిది నెలలు ఆగి చేరింది. పట్టా వచ్చిన మర్నాడే పెళ్లి. ఆ తర్వాత నలుగురు మగపిల్లలు. చిన్నవాడికి పన్నెండేళ్లు వచ్చేదాకా వారానికి మూడు రోజులే పని. అందులోనే డౌన్ సిండ్రోమ్ పిల్లల క్లినిక్‌లో చేసింది. క్రోమోజోముల మీద ఆసక్తి ఆ పిల్లల వల్లే కలిగింది.

ఆమెకి పరిశోధనలో మొదటి అవకాశం ఏ ప్రకటనా చూసి రాలేదు. 1961లో భర్త ఏడాది సెలవు మీద ఆక్స్‌ఫర్డ్ వెళ్తుంటే తనూ వెళ్లింది. అక్కడ క్రోమోజోముల మీద పనిచేయడానికి అమెరికా ప్రభుత్వపు ఆరోగ్య సంస్థ నుంచి శిక్షణ సాయం సంపాదించుకుంది. భర్త ఉద్యోగం బదిలీ అయితే మనం ఉద్యోగం మానుకుని వెనకాలే వెళ్లే ప్రయాణాలు మనకి తెలుసు. ఆవిడ అలాంటి ప్రయాణంలోంచే ఒక చదువు పట్టుకొచ్చింది. తిరిగొచ్చాక లియాన్ జాకబ్‌సన్ అనే పెద్ద డాక్టర్‌ని మైక్రోస్కోపూ, డార్క్‌రూమూ అడిగింది. ఆగకుండా, పిల్లల్ని చూసే మనిషికి ఇవ్వాలి కాబట్టి జీతం కూడా అడిగింది. ఆయన ఒప్పుకున్నాడు. ఏడాదికి 5,000 డాలర్లు.

నేను ఎక్కువసేపు ఆగేది ఈ జీతం దగ్గరే. ఆయా ఖర్చుని మన ఇళ్లలో ఆడదాని జీతంలోంచి తీసేసి, మిగిలినదాన్ని చూపించి "ఈమాత్రానికి ఉద్యోగం ఎందుకు" అంటారు. ఆవిడ దాన్ని పరిశోధన ఖర్చుగా చెప్పింది, మైక్రోస్కోపు పక్కనే పెట్టి. అయితే ఆ ఇల్లు కలిగిన ఇల్లు, భర్త కూడా శాస్త్రవేత్తే. ఆయా జీతం కథలోకి వచ్చింది గానీ ఆయా రాలేదు. ఆ మాటా చెప్పుకోవాలి.

మళ్లీ ఆక్స్‌ఫర్డ్ వెళ్లినప్పుడు, 1970-71లో, క్రోమోజోముల మీద చారలు కనిపించేలా రంగు వేసే కొత్త పద్ధతి నేర్చుకుంది. రోగుల కణాల ఫోటోలు ఇంటికి తెచ్చి, భోజనాల బల్ల మీద క్రోమోజోముల్ని కత్తిరించి జతలుగా పేర్చేది. అమ్మ కాగితం బొమ్మలతో ఆడుకుంటోందని పిల్లలు నవ్వేవాళ్లట. ఆ బల్ల మీదే 1972లో ఒక రకం ల్యుకేమియాలో 8వ, 21వ క్రోమోజోములు ముక్కలు మార్చుకున్నాయని పట్టుకుంది. 1960లో నోవెల్, హంగర్‌ఫర్డ్ చూసిన పొట్టి ఫిలడెల్ఫియా క్రోమోజోము సంగతీ తేల్చింది. 22వ దాని ముక్క పోలేదు, 9వ దానికి అతుక్కుంది. అది 1973లో 'నేచర్'లో వచ్చింది.

క్రోమోజోముల్లో మార్పులు క్యాన్సర్ వల్ల వచ్చేవే గానీ కారణం కాదని అప్పట్లో చాలామంది అనుకునేవాళ్లు. 8, 21 కలిసిన చోట పుట్టే ప్రోటీన్, రక్తకణం ఎదగడానికి కావలసిన జన్యువుల్ని నొక్కి ఉంచుతుందని తర్వాత తెలిసింది. 9, 22 కలిసిన చోట ఎప్పుడూ ఆగని ఎంజైమ్ పుడుతుంది. దాన్ని ఆపే ఇమాటినిబ్‌కి 2001లో అమెరికాలో అనుమతి వచ్చింది. ఇప్పుడు హైదరాబాద్ కంపెనీలూ ఆ మందు తయారుచేస్తున్నాయి. రౌలీ 2013లో చనిపోయింది.

మన దగ్గరా దారులు తెరిచారు. 2002-03లో కేంద్ర సైన్స్ అండ్ టెక్నాలజీ శాఖ మహిళా శాస్త్రవేత్తల పథకం పెట్టింది, 2011లో బయోటెక్నాలజీ శాఖ బయోకేర్ పెట్టింది. వాటి వల్ల తిరిగి ల్యాబ్‌లోకి వెళ్లినవాళ్లు ఉన్నారు. ఆ పథకాలు వాడే మాట మీదే నాకు కోపం. 'విరామం' అట! ఏ ఇంట్లో దొరికింది ఈ విరామం?

1996లో నాకూ ఒక ఉత్తరం వచ్చింది. అమెరికాలో ఒక ల్యాబ్, జన్యు నియంత్రణ మీదే పని. మా పాపకి అప్పుడు రెండేళ్లు. ఒక్క ఏడాది ఆగగలరా అని రాశాను. ఆగలేమని మర్యాదగానే రాశారు. పాపని చూసే మనిషికి డబ్బు కావాలని అడగొచ్చన్న ఆలోచనే నాకు రాలేదు. ఇంట్లో ఎవరూ వద్దనలేదు, ఎవరూ వెళ్లమనీ అనలేదు. ఆ ఉత్తరాన్ని రేషన్ కార్డున్న ఫైల్లోనే దాచాను.

ఈ సంగతి ఆ అమ్మాయికి మొదటిసారి చెప్పాను. తర్వాత ఇద్దరం కూర్చుని ల్యాబ్ పెద్దకి ఉత్తరం రాశాం. మూడేళ్లూ ఏం చేసిందో తేదీలతో సహా రాశాం. ఐదేళ్ల లెక్కలోంచి వాటిని తీసేయమనీ, పిల్లవాడిని చూసుకునే ఖర్చు గ్రాంటులో పెట్టే వీలుందా అనీ అడిగాం.

"మామగారి సంగతి తీసేద్దామా మేడమ్? జాలి కోసం రాసినట్టుంటుందేమో."

తీయలేదు. చివరి తేదీకి ఇంకా తొమ్మిది రోజులుంది. తన పెన్సిల్ మా బల్ల మీదే మర్చిపోయింది.