ముడికి పేరు పెట్టినవారెవరు?

మా యూరి కొండ పడగ విప్పిన పామును బోలియుండుటచే ఉరగకొండ యనబడి, క్రమముగా ఉరవకొండ యయ్యెనని పెద్దలు చెప్పుదురు. కొండపేరునకు వ్యుత్పత్తి వెదకుటలో మనకు గల శ్రద్ధ, ఆ కొండక్రింద బ్రతుకువారి పనిముట్ల పేర్లయందు కలదా? ఈ ప్రశ్న నాకు గ్రంథమువలన గాక యొక బాలునివలన కలిగినది.

బడిలో త్రాటిముడులు నేర్పుచు ఒకనాడు ప్రూసిక్ ముడిని చూపితిని. ఆస్ట్రియా దేశపు పర్వతారోహకుడగు కార్ల్ ప్రూసిక్ 1931లో దీనిని లోకమునకు తెలిపెను. సన్నని త్రాటి ఉచ్చును లావుపాటి త్రాటిచుట్టు రెండుమూడు మారులు చుట్టి వేయు ముడి యిది. బరువు పడిన బిగియును, తీసిన జరుగును. వినుచున్న ఈడిగవారి పిల్లవాడొకడు లేచి, "అయ్యవారూ, మా తాత మోకు కూడా ఇంతే కదా! వెనక్కి వాలితే పట్టుకుంటాది, ముందుకొస్తే జరుగుతాది" అనెను.

పిల్లవాడు చెప్పినది సత్యము. గీతవృత్తిలో, ముఖ్యముగా తెలంగాణమున, మోకు, ముత్తాదు, గుజి యను పేర్లు వినబడును. మోకు చెట్టును మనుష్యుని కలిపి చుట్టు పెద్ద త్రాడు, ముత్తాదు నడుముకట్టు, గుజి పాదముల బంధము. వెనుకకు వాలగా మోకు మ్రానిని ఒరసికొని పట్టును. ముందుకు వంగగా సడలును. ఆ క్షణముననే దానిని పైకి జరిపి, పాదములను వెంట లాగికొనవలెను. ప్రూసిక్ ముడి త్రాటిపై ప్రాకును, మోకు మ్రానిపై ప్రాకును. రూపము వేరు, బరువునే పట్టుగా మార్చు ఉపాయ మొక్కటే.

ముడిని గుర్తించుటకు చుట్లెన్ని, బరువు ఏ కొసపై పడును, ఎప్పుడు సడలును అని యడిగిన చాలును. పేరు కథ వేరు. నేడు చెట్లెక్కువారు విరివిగా వాడు ముడి యొకటి కలదు. దానిని ఆస్ట్రియాకు చెందిన హైంజ్ ప్రొహాస్కా 1981లో ప్రకటించెను. 1994లో అమెరికావాడగు జేసన్ బ్లేక్ దానినే యొక పత్రికకు వ్రాసెను. చెట్లెక్కువారిలో బ్లేక్ పేరే నిలిచెను. పేరు కట్టిన చేతికి గాక, చదువరులకు చేరిన వ్రాతకు దక్కును. క్లిఫర్డ్ ఆష్లీ 1944లో వెలువరించిన మహాగ్రంథమున సుమారు 3,900 ముడులకు సంఖ్య లిచ్చి, నావికులవేగాక నానావృత్తులవారి ముడులను గూడ చేర్చెను.

మనలో ఇట్టి పని లేకపోలేదు. ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ 1962లో భద్రిరాజు కృష్ణమూర్తిగారి సంపాదకత్వమున మాండలిక వృత్తి పదకోశపు తొలి సంపుటమును వ్యవసాయ పదములతో వెలువరించెను. ఆ బాట మన యింటి వాకిటివరకు రావలెను.

మద్యము సంసారములను కూల్చునని నమ్మువారిలో నేనును ఒకడను. 1937లో సేలము జిల్లాలో మొదలైన నిషేధము 1948 నాటికి మదరాసు రాష్ట్రమంతట వ్యాపించినది. అనంతపురము అప్పు డందులోనిదే. ఎన్నో యిండ్లు తేరుకొన్నవని సంతసించితిమి. చెట్టు దిగిన చేతుల విద్య యేమయ్యెనని యడిగిన సంస్కర్తలు అరుదు. కల్లును నిందించుచు, దానిని గీచినవాని నేర్పును గూడ నిందించితిమి. పానము దోషమైన, పట్టు దోషమా?

ఈ వృత్తిలో చెట్టుమీదినుండి పడి మరణించువారు నేటికిని కలరు. 2024లో తెలంగాణ ప్రభుత్వము వారికి క్రొత్త రక్షణ సాధనములను పంచ నారంభించి, వానికి వృత్తిదైవమగు కాటమయ్య పేరు పెట్టెను. త్రాడు క్రొత్తదైనను పేరు వారిది, ఇది ఉచితము.

మరునాడు ఆ బాలుని పిలిచి, తాతగారు మోకుకు వేయు ప్రతి ముడిపేరును అడిగి వ్రాసికొని రమ్మంటిని. "ఆయనకు చదువు రాదయ్యవారూ" అనెను. "నీకు వచ్చును గదా" యంటిని. చదువరులారా, మన యింట కొబ్బరిచెట్టెక్కువాడు దిగినపుడు కూలితోపాటు ఒక ప్రశ్నయు ఇత్తము: "ఈ ముడిని మీరేమందురు?"