గింబళి చుట్టిన సంక్రాంతి

మొన్న సంక్రాంతికి పాలకొల్లు వెళ్లాను. మూడో రోజుకల్లా అరిసెల మీద మొహం మొత్తి, ఏం చెయ్యాలో తోచక మా అక్క కొడుకు లెగో డబ్బా ముందేసుకుని కూర్చున్నాను. వాడికి తొమ్మిదేళ్లు. ఇటుకల బొమ్మలని కాస్త కాస్త జరుపుతూ ఫొటోలు తీసి, అన్నీ వరసపెట్టి ఆడిస్తే సినిమా అవుతుందని వాడే నాకు చెప్పాడు. "అయితే మాయాబజార్ తీద్దాం రా" అన్నాను. ఆఫీసులో రిక్వైర్‌మెంట్ పూర్తిగా చదవకుండా ఎస్టిమేట్ ఇచ్చే అలవాటు ఇంట్లో మాత్రం ఎక్కడికి పోతుంది :)

మాయాబజార్ మొత్తం కాదులెండి, ఒక్క గింబళి సీను. శర్మ, శాస్త్రుల జంటగా వంగర వెంకట సుబ్బయ్య గారూ, మా ఊరి అల్లు రామలింగయ్య గారూ ఉంటారు కదా, అది. అల్లు గారు 1922 అక్టోబర్ 1న పుట్టింది పాలకొల్లులోనే. హోమియో వైద్యం కూడా చేసేవారు. వెయ్యికి పైగా సినిమాలు చేసి, 1990లో పద్మశ్రీ అందుకుని, 2004లో వెళ్లిపోయారు. దాసరి నారాయణరావు గారిదీ, కోడి రామకృష్ణ గారిదీ కూడా ఇదే ఊరు. పక్కనే ఉన్న నరసాపురం జంధ్యాల గారిది. కాబట్టి మా ఊళ్లో కూర్చుని కామెడీ సీను తియ్యడమంటే తిరుపతిలో లడ్డూల కొట్టు పెట్టడం లాంటిదే.

గింబళి అన్న మాటలోనే ఒక తమాషా ఉంది. మనం కాఫీ గీఫీ అంటాం, పెళ్లీ గిళ్లీ అంటాం. గీఫీ అంటే ఏమిటని ఎవరూ అడగరు. పింగళి నాగేంద్రరావు గారు అడిగారు. కంబళి ఉన్నప్పుడు గింబళి ఎందుకుండకూడదు, తల్పం ఉన్నప్పుడు గిల్పం ఎందుకుండకూడదు అని. మాట పుట్టించాక దానికో పని కూడా ఇచ్చారు. గింబళి మనుషుల్ని చుట్టేస్తుంది, గిల్పం గిరగిరా తిప్పి విసిరేస్తుంది. అర్థం లేని మాటకి అర్థం కట్టబెట్టి, ఆ అర్థాన్ని తెర మీద కదిలించి చూపించారన్నమాట.

ఈ కదిలించడానికి చాలా పాత చరిత్రే ఉంది. ప్రాణం లేని వస్తువుని ఒక్కో ఫ్రేముకి కాస్త జరిపి, దానంతటదే కదిలినట్టు చూపించే విద్య సినిమా పుట్టిన కొత్తల్లోదే. మన దేశంలో ఫాల్కే గారు 1915లోనే అగ్గిపుల్లలతో అలాంటి చిన్న సినిమా తీశారు. 1957 మార్చి 27న మాయాబజార్ వచ్చేనాటికి తెలుగువాళ్లు కెమెరా మాయల్లో చెయ్యి తిరిగినవాళ్లు. దర్శకుడు కె.వి.రెడ్డి గారు, కెమెరా మార్కస్ బార్ట్లే గారు. దీపాలతో వెలిగిపోయే ద్వారకని చూపించడానికి 50 అడుగుల పొడవు, 60 అడుగుల వెడల్పు స్థలంలో 300 బొమ్మ ఇళ్లు కట్టారు. గోఖలే, కళాధర్ గార్లది కళ. అంటే మనం చూసి నోరెళ్లబెట్టిన ద్వారక నిజానికి పెద్దవాళ్లు కట్టుకున్న బొమ్మలూరు!

ఇంకో విచిత్రం చూడండి. ఇప్పుడు మనం చూసే లెగో ఇటుకకి డెన్మార్క్‌లో పేటెంట్ కోసం దరఖాస్తు పెట్టింది 1958 జనవరి 28న. మాయాబజార్ కంటే పది నెలలు చిన్నదన్నమాట ఆ ఇటుక. కాళ్లూ చేతులూ కదిపే చిట్టి మనిషి బొమ్మ వచ్చింది 1978లో. దానికి ఐదేళ్ల ముందే, 1973లో, డెన్మార్క్‌లో ఇద్దరు హాసింగ్‌లు ఇటుకలతో చంద్రయాత్ర సినిమా తీశారు. 2000లో ఆ కంపెనీ వాళ్లే కెమెరాతో సహా సినిమా తీసుకునే డబ్బా అమ్మారు. 2001లో ఇద్దరు ఇంగ్లీషు కుర్రాళ్లు, మాంటీ పైథాన్ వాళ్ల 1975 నాటి హాస్య సినిమా 'హోలీ గ్రెయిల్'లోని ఒక పాటని ఇటుకలతో మళ్లీ తీస్తే, దాన్ని అసలు సినిమా డీవీడీలోనే చేర్చారు. పాత కామెడీని బొమ్మలతో తియ్యడమనే సరదా అప్పటినుంచీ బాగా పాకింది.

సరే, మా సినిమాకొద్దాం. సెకనుకి 12 ఫొటోలు, 20 సెకన్ల సీను, వెరసి 240. మొదటి బగ్ ఏమిటంటే, ఇటుకలతో గింబళి కట్టలేం, అది చుట్టుకోదు. అమ్మమ్మ పాత జాకెట్టు గుడ్డకి అంచుల్లో సన్నటి రాగి తీగ కుట్టాం. పెన్సిలు మందంలో చుట్టుకుంటూ పోయింది. రెండో బగ్, కిటికీలోంచి ఎండ. సూర్యుడు మా కోసం ఆగడు కదా, నీడలు ఫ్రేము ఫ్రేముకీ జరిగిపోతున్నాయి. తలుపులన్నీ మూసి టేబుల్ లైటు పెట్టాం. ఫోను పచ్చడి జాడీకి ఆనించాం. తప్పు పడితే ఆ ఫొటో చెరిపేసి మళ్లీ తీసుకున్నాం. బార్ట్లే గారికి ఆ సుఖం లేదు. ఫిల్ము కడిగి చూసేదాకా ఏం పడిందో తెలీదు. అన్‌డూ లేని కాలంలో అంత పని చేశారంటే, నాకు ఆ మధ్యాహ్నం నడుం నొప్పితో పాటు భక్తి కూడా పుట్టింది.

సాయంత్రానికి తయారైంది. అమ్మమ్మకి చూపించాం. కళ్లజోడు సర్దుకుని రెండుసార్లు చూసింది.

"దుప్పటి బానే చుట్టుకుందిరా. మరి రామలింగయ్య ఏడీ?"

నవ్వలేదు. మావాడి మొహం మాడిపోయింది.

ఆవిడ చెప్పింది నిజమే. చిట్టి బొమ్మలో కదిలేవి ఏడే: తల, రెండు చేతులు, రెండు గుప్పిళ్లు, రెండు కాళ్లు. అల్లు గారికి ఒక్క కనుబొమ్మలోనే అంతకంటే ఎక్కువ కీళ్లుండేవి. అలాగని కీళ్లు తక్కువైతే నవ్వు పుట్టదనీ కాదు. తోలుబొమ్మలాటలో కేతిగాడూ, బంగారక్కా తోలు ముక్కలే. కనుబొమ్మ ఎగరేయలేరు. అయినా తరతరాలుగా పల్లెల్ని నవ్వించారు కదా. మరి మా దాంట్లో ఏం తక్కువైంది?

రాత్రి భోజనాలయ్యాక అసలు సీను మళ్లీ పెట్టుకుని, ఈసారి గింబళిని కాకుండా మనుషుల్ని చూశాను. అప్పుడు అర్థమైంది. మేం దుప్పటి కదిలిన 240 ఫ్రేములు తీశాం గానీ, అది కదలబోతోందని ఆ ఇద్దరికీ అనుమానం రావడం తియ్యలేదు. మాయ కెమెరాది. నవ్వు మాత్రం ఆ మాయని నమ్మి బెదిరిన మనిషిది.

మర్నాడు మళ్లీ కూర్చున్నాం. అంచు ఒక్కసారి కదిలాక, శాస్త్రి బొమ్మ తల శర్మ బొమ్మ వైపు తిప్పి, పద్దెనిమిది ఫ్రేములు, అంటే సెకనున్నర, ఏమీ జరగనివ్వలేదు. ఆ తరవాతే చుట్టడం.

"ఏమీ కదలట్లేదు కదా మావయ్యా, ఎందుకిన్ని ఫొటోలు?" అని మావాడు విసుక్కున్నాడు. అది అనుమానం రా, దానికి టైమ్ పడుతుంది అన్నాను.

ఈసారి అమ్మమ్మ గింబళి చుట్టుకోకముందే, ఆ సెకనున్నరలోనే, కిసుక్కున నవ్వింది.

పాత సినిమాలు గొప్పవని మనం ఊరికే అంటూ ఉంటాం. ఫోన్లలో ఆ సీన్లు ముక్కలు ముక్కలుగా పంపించుకుంటూ కూడా ఉంటాం. ఇంకొకరి కోడ్ గొప్పదో కాదో, దాన్ని మన చేత్తో మళ్లీ రాసి చూస్తే గానీ తెలీదు. ఇదీ అంతే. చిన్నప్పటినుంచీ వందసార్లు చూసిన సీనులో మా ఊరి మనిషి ఏం చేశారో, ఆయన లేకుండా తీశాక గానీ నాకు కనపడలేదు.

ఫైలు మావాడి దగ్గరే ఉంది. వచ్చే పండక్కి గిల్పం తీద్దామంటున్నాడు. ఎస్టిమేట్ మాత్రం ఈసారి వాడినే ఇమ్మన్నాను.