అత్తరు ప్రస్థానం: మోటుపల్లి రేవు నుంచి పత్తర్‌గట్టి దాకా

అత్తరు మద్యసారం కలపని సుగంధ తైలం. పూలనో, వేళ్లనో, చెక్కనో నీళ్లలో ఉడికించి, ఆ ఆవిరిని చల్లార్చి, అందులోని పరిమళాన్ని మంచిగంధం నూనెకు పట్టిస్తే అత్తరు తయారవుతుంది. గంధం నూనె కలపకుండా నేరుగా పువ్వు నుంచి తీసిన తైలాన్ని రూహ్ అంటారు. పూల వాసన తొందరగా ఎగిరిపోతుంది. గంధం నూనె నిదానంగా ఆవిరయ్యే గుణం గలది కాబట్టి ఆ వాసనను గంటల తరబడి పట్టి ఉంచుతుంది. అత్తరు వ్యాపారం ఎదగడంలోనూ, తర్వాత దెబ్బతినడంలోనూ ఈ నూనెదే పెద్ద పాత్ర.

ఆవిరి పట్టే పద్ధతి వ్యాపించక ముందు మన దేశంలో సుగంధమంటే ముఖ్యంగా నూరిన గంధాలు, పొడులు, ధూపాలు, పూలు వేసి వాసన పట్టించిన నువ్వుల నూనెలు. ఆరో శతాబ్దానికి చెందిన వరాహమిహిరుడు బృహత్సంహితలో గంధయుక్తికి ఒక అధ్యాయమే కేటాయించాడు. పదహారు ద్రవ్యాల్లో నాలుగేసి చొప్పున ఎంచుకుంటే 1,820 కూర్పులు వస్తాయనీ, వాటి పాళ్లు మారుస్తూ పోతే మొత్తం 1,74,720 పరిమళాలు తేలుతాయనీ అందులో లెక్క కట్టాడు. 12వ శతాబ్దంలో కల్యాణి చాళుక్య రాజు మూడో సోమేశ్వరుడు మానసోల్లాసంలో రాజభోగాల సరసన గంధపు పూతను కూడా చేర్చి, ఏ ఋతువుకు ఏ పూత తగునో వివరించాడు.

తెలుగు తీరంలో సుగంధ ద్రవ్యాల వ్యాపారానికి గట్టి ఆధారం మోటుపల్లి శాసనం. కాకతీయ గణపతిదేవుడు 1244లో దీన్ని వేయించాడు. గాలివానకు కొట్టుకొచ్చిన ఓడల సరుకును అంతకు ముందు రాజులు స్వాధీనం చేసుకునేవారు. ఇకపై నిర్ణయించిన సుంకం తప్ప మరేమీ పుచ్చుకోబోమని గణపతిదేవుడు ఓడ వర్తకులకు అభయమిచ్చాడు. సుంకం కట్టవలసిన సరుకుల జాబితాలో గంధం, చైనా కర్పూరం, జవ్వాది, పన్నీరు ఉన్నాయి. పన్నీరు గులాబీ పూలను ఆవిరి పట్టి తీసేది కాబట్టి, అత్తరుకు మూలమైన ఆ విద్య ఫలం 13వ శతాబ్దానికే ఈ రేవుకు చేరిందన్నమాట. 14వ శతాబ్దం చివర కొండవీటిని ఏలిన కుమారగిరి రెడ్డి ఏటేటా జరిపించిన వసంతోత్సవాల వల్ల కర్పూర వసంతరాయలుగా పేరుపొందాడు. ఆ ఉత్సవాలకు సుగంధ ద్రవ్యాలు సమకూర్చిన వర్తకుడు అవచి తిప్పయ్యశెట్టి. శ్రీనాథుడు హరవిలాసాన్ని ఆయనకే అంకితమిచ్చాడు. జంతువుల నుంచి తీసే సుగంధాలకూ నాటి నుంచి గిరాకీ ఉంది. తిరుమలలో శుక్రవారం అభిషేకం తర్వాత మూలవిరాట్టుకు పునుగు తైలం పూసే ఆచారం నేటికీ సాగుతోంది.

ఆవిరి పట్టి సుగంధం తీసే విద్యను అరబ్బు, పారశీక పండితులు బాగా పెంచారు. తొమ్మిదో శతాబ్దపు అల్ కిందీ పేరుమీద ఉన్న సుగంధ రసాయన గ్రంథంలో వందకు పైగా తయారీ విధానాలున్నాయి. మొగలుల కాలానికి ఈ విద్య రాజాస్థానంలో ప్రత్యేక శాఖగా స్థిరపడింది. అక్బరు పరిమళాల శాఖ గురించీ, అక్కడ వాడే ద్రవ్యాల ధరల గురించీ అబుల్ ఫజల్ ఐనీ అక్బరీలో రాశాడు. గులాబీ అత్తరు పుట్టుకను జహంగీరు తన ఆత్మకథలో నూర్జహాన్ తల్లి అస్మత్ బేగానికి ఆపాదించాడు. పన్నీరు కాచి వేడివేడిగా పళ్లాల్లో పోసినప్పుడు పైన పలచని తెట్టు కట్టేది. ఆమె దాన్ని కొంచెం కొంచెంగా తీసి కూడబెట్టింది. ఒక్క చుక్క అరచేతికి రాస్తే సభంతా గుబాళించిందని మెచ్చుకుని, చక్రవర్తి ఆమెకు ముత్యాల హారం బహూకరించాడు. సలీమా సుల్తాన్ బేగం ఆ తైలానికి ఇత్రె జహంగీరీ అని పేరు పెట్టింది.

దక్కను సుల్తానులూ ఈ అభిరుచిలో వెనకబడలేదు. బీజాపూరులో రెండో ఇబ్రహీం ఆదిల్‌షా కాలంలో ఇత్రె నౌరస్‌షాహీ అనే గ్రంథం కేవలం సుగంధాల తయారీ గురించే వెలువడింది. 1591లో మహమ్మద్ కులీ కుతుబ్‌షా కట్టించిన హైదరాబాదు తర్వాత నిజాముల రాజధానిగా ఈ వారసత్వాన్ని అందుకుంది. బీదరు పనివాళ్లు నల్లని లోహం మీద వెండి పొదిగి చేసిన అత్తర్‌దాన్‌లు సంపన్నుల ఇళ్లకు చేరాయి. ఉస్మాన్ అలీ ఖాన్ హయాంలో చార్మినార్ దగ్గర పత్తర్‌గట్టి రాతి కమాన్లు లేచాయి. అత్తరు కొనేవాళ్లు ఇప్పటికీ ఆ చుట్టుపక్కల అంగళ్లకే వెళతారు.

అయితే ఉత్తరాది అత్తర్ల తయారీకి పెట్టింది పేరు ఉత్తరప్రదేశ్‌లోని కనౌజ్. ఒకప్పుడు హర్షవర్ధనుడి రాజధాని అయిన ఈ ఊరి అత్తరుకు భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది. ఇక్కడి పద్ధతిని దేగ్ భప్కా అంటారు. దేగ్ అనే పెద్ద రాగి డేగిసాలో పూలూ నీళ్లూ పోసి, మూత చుట్టూ బంకమట్టీ దూదీ కలిపి మెత్తి, ఆవిరి బయటికి పోకుండా బిగిస్తారు. మూత నుంచి తాడు చుట్టిన వెదురు గొట్టం బయలుదేరి భప్కా అనే పొడుగు మెడ రాగి పాత్రలోకి దిగుతుంది. భప్కాలో ముందే గంధం నూనె పోసి, దాన్ని నీటి తొట్టిలో ఉంచుతారు. కింద కట్టెలూ పిడకలూ మండుతుంటాయి. మంట ఎక్కువైందా, తగ్గిందా అన్నది చెప్పే ఉష్ణమాపకం ఉండదు. పనివాడు నీళ్లలోని భప్కాను చేత్తో తడిమి, దేగ్ చేసే చప్పుడు విని తేల్చుకుంటాడు. భప్కా నిండాక మరొకటి మారుస్తారు. చల్లారిన తర్వాత అడుగున చేరిన నీళ్లను తీసి మళ్లీ దేగ్‌లో పోస్తారు, నూనెను మాత్రం ఉంచుతారు. మర్నాడు కొత్త పూలు, అదే నూనె. గంధం నూనె చాలినంత వాసన పట్టేదాకా పది, పదిహేను రోజులు ఇదే తంతు. చివరికి తైలాన్ని కుప్పీ అనే తోలు సీసాల్లో పోసి ఉంచితే మిగిలిన తేమను తోలు పీల్చుకుంటుంది.

పువ్వు కోసినప్పటి నుంచి వాసన కోల్పోవడం మొదలవుతుంది గనక కొన్ని చోట్ల బట్టీలే పూల దగ్గరికి వెళ్లాయి. ఒడిశాలోని గంజాం జిల్లాలో మొగలి పొత్తుల నుంచి అత్తరు, రూహ్ స్థానికంగానే తీస్తారు. శ్రీకాకుళానికి పొరుగునున్న ఈ జిల్లా 1936 దాకా మద్రాసు రాజధానిలో భాగం.

అత్తరు ఇష్టపడేవాళ్లు సేకరణను ఋతువుల వారీగా పెంచుకుంటారు. వేసవికి గులాబీ, మల్లె, వట్టివేళ్ల అత్తర్లు. రాగి పాత్రల్లో తీసిన వట్టివేళ్ల రూహ్ ముదురు ఆకుపచ్చగా ఉంటుంది. తొలకరి రోజులకు మిట్టీ అత్తరు. కాల్చిన మట్టి పెంకులను పూల మాదిరే దేగ్‌లో వేసి తీసే ఈ తైలం తొలి చినుకుకు తడిసిన నేల వాసన వేస్తుంది. చలికాలానికి హీనా, షమామా. పదుల సంఖ్యలో మూలికలూ మసాలా దినుసులూ కలిసే షమామా ఘాటైనది, వంటికి వెచ్చదనమిస్తుందని నమ్మకం. వీటన్నిటికీ పైన ఊద్. బూజు సోకిన అగరు చెట్టు లోపల ఊరే నల్లని జిగురు చెక్క నుంచి దీన్ని తీస్తారు. దేశంలో దీనికి అస్సాం ప్రసిద్ధి. అడవుల్లో ఈ చెట్లు తరిగిపోవడంతో 1995 నుంచి దీని అంతర్జాతీయ వ్యాపారం నియంత్రణ కిందికి వచ్చింది.

అత్తరు కొలత తులం, అంటే దాదాపు 11.66 గ్రాములు. కొనేవాళ్లకు అంగట్లో గాజు పుల్లతో ముంజేతి మీద ఒక గీత గీస్తారు. మంచి అత్తరు వాసన మొదట ఒకలా తోచి, ఒంటి వేడికి గంట తర్వాత మరోలా విచ్చుకుంటుంది కాబట్టి అనుభవమున్నవాళ్లు వెంటనే బేరానికి దిగరు. చెవి వెనక, మణికట్టు మీద చుక్క రాసుకోవడం, చిన్న దూది ఉండను తడిపి చెవి మడతలో పెట్టుకోవడం పాత పద్ధతులు. మద్యసారం లేదు గనక నమాజుకు వెళ్లే ముస్లింలు దీన్ని ఇష్టపడతారు. రంజాన్ నెలలో హైదరాబాదు అంగళ్లు కిటకిటలాడుతాయి. తెలుగు పెళ్లిళ్లలో గుమ్మం దగ్గర పన్నీరు బుడ్డితో చిలకరించి గంధమద్దే మర్యాద ఈ సంప్రదాయానికి దగ్గరిదే. జాతర్లలో చిన్న సీసాల పెట్టెతో తిరిగే అత్తరు సాయిబు పల్లెల్లో పరిచయమైన మనిషి.

20వ శతాబ్దంలో ఈ వృత్తికి గంధమే సమస్య అయింది. మైసూరులో టిప్పు సుల్తాన్ 1792లో శ్రీగంధాన్ని రాజవృక్షంగా ప్రకటించాడు. సొంత పొలంలో మొలిచినా చెట్టు ప్రభుత్వానిదేనన్న నియమం అప్పటి నుంచి కొనసాగింది. మొదటి ప్రపంచ యుద్ధంతో ఐరోపాకు దుంగల ఎగుమతి ఆగిపోగా 1916లో మైసూరు సంస్థానం సొంతంగా నూనె తీయడం మొదలుపెట్టింది. తమది కాని చెట్టును పెంచడానికి రైతుకు ఆసక్తి లేదు, అడవుల్లోని చెట్లేమో దొంగల పాలయ్యాయి. నూనె ధర అందనంత పెరగడంతో కనౌజ్‌లో చాలామంది తయారీదారులు గంధం స్థానంలో లిక్విడ్ పారఫిన్, డీఓపీ వంటి రసాయనాలకు మళ్లారు. మరోపక్క మద్యసారం కలిపిన చవక సెంట్లు బజారును ముంచెత్తాయి.

కర్ణాటక 2001లో, తమిళనాడు 2002లో చట్టాలు సవరించి చెట్టుపై హక్కును పెంచినవారికే ఇచ్చాయి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రైతులు కూడా శ్రీగంధం తోటలు వేస్తున్నారు. అయితే నూనె నిండిన చేవ తయారుకావడానికి పదిహేను, ఇరవై ఏళ్లు పడుతుంది. అందుకే అసలు గంధం నూనెతో తీసిన అత్తరు ఇప్పటికీ ఖరీదైన సరుకే, దాన్ని కొనాలంటే వాసనతో పాటు ఆధారంగా వాడిన నూనె ఏదో అడిగి తెలుసుకోవడం అవసరం.